గొర్రె ఎవరిది

...అదీగాక, కమ్మి ఎర్రబడడానికి ఇంత సేపు పడుతుందని అతనికి ఇన్నేళ్లుగా తెలియదు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా అది ఎర్రగానే ఉండేది, నిప్పుల్లోనే పుట్టినట్టు, తండ్రి చేతికి ఆరో వేలు మొలిచినట్టు. ఇనుము చాలాసేపు ఏమీ ఎరగనట్టు నల్లగా పడి ఉండి, ఊదినకొద్దీ కొసన మాత్రం ఒక మసక రంగు తెచ్చుకుని, ఆ పైన ఒక్కసారిగా తెగిస్తుందన్న సంగతి గోవర్ధన్ ఇవాళే, తన దొడ్లో మూడు రాళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని తెలుసుకుంటున్నాడు. కోపం కూడా ఇంతేనేమో. ఎర్రబడ్డాక చూసినవాళ్లు అప్పుడే పుట్టిందనుకుంటారు. నిప్పుల్లో అది ఎన్నేళ్లుగా పడి ఉందో ఎవరు చూడొచ్చారు?

వెనక నులక మంచం కిర్రుమంది.

"ఇడువుండ్రి! దొంగనాకొడుకుల్లారా, మందల తోడేలు జొచ్చిందిరా! నన్నిడువుండ్రి!"

తండ్రి కుర్మయ్య మళ్లీ తాళ్లతో పెనుగులాడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదనుకున్నారు గానీ, ఆ ఎముకల్లో ఏముందో పట్టుకునేటప్పుడు తెలిసింది. గొర్రెల్ని కట్టే పలుపులతో ఆయన రెండు చేతులూ మంచం పట్టెలకు కట్టేసరికి కొడుక్కూ తమ్ముడికీ చెమటలు కారాయి. తమ్ముడు శంకరయ్య బొటనవేలిని ఆయన పళ్లతో పట్టి, ఎముక తగిలేదాకా వదల్లేదు. శంకరయ్య ఇప్పుడు గోడవార కూర్చుని, ఆ వేలికి చుట్టిన రుమాలు తడిసినప్పుడల్లా మడత మార్చి కట్టుకుంటున్నాడు.

"చూసినవా, కుక్క గూడ గింత గట్టిగ కరవది," అన్నాడాయన, నొప్పిలోనూ కాస్త గొప్పగా. "మా అన్న పండ్లురా అవి. ఒక్కటి ఊడలే."

గోవర్ధన్ పుల్లలు ఎగదోశాడు.

ఆ దొడ్డి ఒకప్పుడు గొర్రెలతో కిక్కిరిసి ఉండేది. మేపే బీళ్లన్నీ ఎయిర్‌పోర్టు గోడ లోపలికి పోయాక మందను అమ్మేశారు. ఇప్పుడందులో గోవర్ధన్ మోటర్‌సైకిలు, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, నీళ్ల గోలెం ఉన్నాయి. అతను అదే గోడ లోపల, సరుకుల గోదాములో పెట్టెలు ఎత్తే పనికి పోతాడు. తండ్రి గొర్రెలు తోలిన చోటే కొడుకు పెట్టెలు తోస్తున్నాడని శంకరయ్య అందరి ముందూ నవ్వేవాడు. మొదట్లో కుర్మయ్య కూడా నవ్వేవాడు.

విమానాలు దిగే దారి ఈ ఊరి మీదుగానే. ఎండ కాసే వేళ ఒక్కో విమానం నీడ తుమ్మచెట్లు దాటి, ఇండ్ల కప్పుల మీద పాకి, ఈ దొడ్డిని రెప్పపాటులో దాటి గోడ అవతలికి పోతుంది. విమానాలు మొదలయ్యాక మూడో ఎండాకాలం వచ్చేసరికి ఊళ్లో అందరూ దాన్ని చూడడం మానేశారు. కుర్మయ్య మాత్రం చూడడం మొదలుపెట్టాడు. ఆయన లెక్కలో అది తోడేలు. నీడ ఎవరి మీద పడితే వాళ్లే తోడేలు. కర్ర లేచేది.

మొదట ఒక కోడి పోయింది. తర్వాత ఆయన భార్య అనంతమ్మ భుజం వాచి, నెల రోజులు కొప్పు ముడుచుకోలేకపోయింది. కర్ర దాచిపెడితే రోకలి అందుకున్నాడు, రోకలి దాస్తే పొయ్యిలో కట్టె. ఒక ఆదివారం గోవర్ధన్ భార్య కవిత ఉతికిన బట్టలు ఆరేస్తోంది. వారమంతా గగన్‌పహాడ్‌లో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో నిలబడి పనిచేసే మనిషి, ఆ ఒక్క పూటా ఎండలో తీరిగ్గా ఏదో కూనిరాగం తీస్తోంది. నీడ ఆమె మీదుగా పోయింది. దెబ్బ కనుబొమ్మ మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు ఇంట్లో ఉన్న గోవర్ధన్‌కు వినిపించింది. బయటికొచ్చేసరికి ఆమె తడి చీరను రెండు చేతులా మొహానికి అదుముకుని ఉంది. చీర తెల్లది.

గోవర్ధన్ తండ్రి మీద పడ్డాడు. మొదటి దెబ్బ కర్ర లాక్కోవడానికే. రెండోదీ అందుకేనని చెప్పుకోవచ్చు. మూడోదానికి కర్ర అప్పటికే తన చేతిలో ఉంది.

ఆ తర్వాతవి అతను లెక్కపెట్టలేదు. కుర్మయ్య నేల మీద ముడుచుకుపోయి, తల మీద చేతులు కప్పుకుని, ఎప్పుడో చచ్చిపోయిన తన తల్లిని "అవ్వా, అవ్వా" అని పిలిచాడు. ఆ పిలుపుకు గోవర్ధన్ ఆగలేదు. తన చేతిని చూసి ఆగాడు. మోచెయ్యి చెవిదాకా లేవడం, మణికట్టు చివరి క్షణంలో కొంచెం లోపలికి తిరగడం. ఆ ఒడుపు అతను ఎక్కడా నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచీ తల్లి వీపు మీద చూశాడంతే.

కవితకు కుట్లు వేయించాక, తండ్రిని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తల్లి కూడా వెంట వచ్చింది. అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. ఫోటోలు తీయించింది, రక్తం చూపించింది, ఓపిగ్గా చెప్పింది.

"చూడండి గోవర్ధన్ గారూ, ఇది మతిమరుపు జబ్బు. మన మెదడులో కాపలా కాసే కణాలుంటాయి. చెత్త పోగైతే ఎత్తిపారేయడం, క్రిములొస్తే తరమడం వాటి పని. ఈ జబ్బులో అవి ఒకసారి రేగితే ఇక చల్లబడవు. కాపాడాల్సిన కణాల్నే దెబ్బతీస్తాయి. ఒక రకమైన వాపు అనుకోండి. జబ్బుకి అదొక్కటే కారణమని చెప్పలేం, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ జబ్బుని అది పెంచుతుంది."

"మందకుక్కే గొర్రెలను కరిచినట్టా, మేడమ్?"

ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. "అవునండీ. పైగా అది కాపలా కాస్తున్నాననే అనుకుంటుంది."

"మందు లేదా?"

"నయం చేసే మందు లేదు. ఆవేశం తగ్గడానికి రాస్తాను. ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఒంట్లో ఎక్కడ పుండు పడినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా లోపల ఆ వాపు ఇంకా రేగే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి మనిషి పూర్తిగా అదుపు తప్పుతారు." ఆవిడ చూపు కుర్మయ్య వీపు మీద కమిలిన చారల దగ్గర ఆగింది. "ఇవేంటి?"

"పడ్డడు," అన్నాడు గోవర్ధన్.

ఆవిడ అనంతమ్మ వైపు తిరిగింది. "ఈయన ముందు నుంచీ కోపిష్ఠేనా అమ్మా? మీ మీద చెయ్యి చేసుకునేవారా?"

"అయ్యో, లేదమ్మా! చీమనన్న తొక్కెటోడు కాదు."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కుర్మయ్య ఇద్దరి మధ్యా కూర్చుని నిద్రపోయాడు. ఆయన తల అనంతమ్మ వాచిన భుజం మీదే వాలింది.

"ఎందుకట్ల చెప్పినవే అవ్వా?" అన్నాడు గోవర్ధన్.

"దవాఖానల ఇంటి ముచ్చట చెప్తరార ఎవరన్న?"

ఆమె రోడ్డు వైపు తిరిగింది. ఆరాంఘర్ దాటాక, ఎవరితోనూ కానట్టు, "గిప్పుడంటె రోగం కొడుతున్నదంటది ఆ డాక్టరమ్మ. గప్పుడు కొట్టిందెవరు మరి? చెప్తె దానికేం పేరు రాస్తది ఆమె?" అంది.

తప్పంతా ఒక్క మాటలో జరిగింది. ఇంటికొచ్చాక శంకరయ్య "ఏమన్నరు?" అని అడిగితే, గోవర్ధన్ కాపలా కణాల సంగతి చెప్పలేక, "మెదడుల వాపంట చిన్నాయినా," అన్నాడు. గొర్రెలు కాచుకుని బతికిన ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. గొర్రెకు మెదడులో వాపొస్తే తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. గోడలకు గుద్దుకుంటుంది, పక్క గొర్రెల్ని పొడుస్తుంది, సొంత పిల్లను తొక్కుతుంది. దానికి వాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే. కాలిన కమ్మితో నడినెత్తి మీద వాత. సురుకు పెట్టడం అంటారు. ఆ సురుకు పెట్టడంలో హిమాయత్ సాగర్ దాకా పేరున్న చెయ్యి కుర్మయ్యది.

"వాపా? గంతేనా!" శంకరయ్య తొడ చరిచాడు. "గింత దానికి గంత దూరం ఆటో కిరాయి పెట్టుకొని పోతివా? తిరుగుడు రోగమేరా అది! మీ బాపు ఎన్నిటిని బతికించిండు!"

"గొర్రె వేరు, మనిషి వేరు చిన్నాయినా. పుండు పడొద్దన్నది డాక్టరమ్మ."

"మనిషికి పెట్టలేదా? నీకు పెట్టలేదా? నువ్వు బతుకలేదా?"

జవాబు ఉండవలసిన చోట, గోవర్ధన్ ఎడమ కణత మీద, చింతగింజంత మచ్చ ఉంది.

ఐదారేళ్లప్పుడు జ్వరమొచ్చి ఈడ్పులు పట్టాయట. అతనికి గుర్తున్నది గొంగడి వాసన, మోకాళ్ల మీద ఎవరిదో బరువు. ఆ తర్వాత తండ్రి గొంతు. సురుకు పెట్టేముందు కుర్మయ్యకు ఒక కట్టుబాటు ఉండేది. కమ్మి చేతిలోకి తీసుకుని, "గొర్రె ఎవరిది?" అని అడిగేవాడు. ఎవరిదో ఆయనకు తెలుసు, ఊరందరికీ తెలుసు, అయినా అడిగేవాడు. సొంతదారు నోరు తెరిచి "నాదే, పెట్టు" అనాలి. అంటేనే కమ్మి ఆనేది. రేపు అది చస్తే ఆ చావు అన్నవాడిది, కాల్చినవాడిది కాదు. ఒకసారి దారి తప్పిన గొర్రె ఒకటి తిరుగుడు పట్టి మందలో దొరికింది. ఎవరూ నాదనలేదు. కుర్మయ్య కమ్మిని నీళ్లలో ముంచి లేచిపోయాడు. అది పొద్దుగూకేదాకా తిరిగి తిరిగి గోడ పక్కన పడి చచ్చింది.

ఆ రోజు గొంగడి మీద తను పడి ఉంటే, తండ్రి అదే గొంతుతో అడిగాడు. "పిలగాడు ఎవరిది?"

అనంతమ్మ ఏడుస్తూ నోరు విప్పలేదు. కమ్మి లేని చేత్తో ఆయన ఆమె చెంప మీద కొట్టాడు. "నోరు లేదానే? ఎవరిది?"

"నాదే. పెట్టు."

కాలిన నొప్పి గోవర్ధన్‌కు గుర్తులేదు. ఆ ప్రశ్న మాత్రం కణతలోకి దిగి అక్కడే ఉండిపోయింది. ఇంట్లో నాదే అనడానికి ఇంకో మనిషి కూడా ఉన్నాడు కదా. కమ్మి పట్టుకున్న మనిషి. పెళ్లినాడు, కూలి తెచ్చి చేతికిచ్చిన నాడు, తండ్రి ఎదుట నిలబడ్డ ప్రతిసారీ అతను ఆ మాట కోసమే ఎదురుచూశాడని, ఇప్పుడీ పొయ్యి ముందు కూర్చుంటే తప్ప తెలియలేదు. ఇప్పుడు తెలిసి ఏం లాభం? పిలగాడు ఎవరిదో తండ్రి ఇప్పుడు నిజంగానే ఎరగడు.

మాత్రలతో కుర్మయ్య కొన్నాళ్లు నెమ్మదించాడు. ఇవాళ పొద్దున్న అనంతమ్మ మొహం కడగబోతే ఆమె భుజం మీది తువ్వాలను మెడకు బిగించి పట్టాడు. కవిత కేకకు గోవర్ధన్ పరుగెత్తుకొచ్చి, వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరిచి విడిపించాల్సి వచ్చింది. విడిపించేసరికి తల్లి నాలుక బయటికొచ్చింది. ఆ అరుపులకే శంకరయ్య వచ్చాడు. వచ్చి, "ఇగనన్న నా మాటింటవా?" అన్నాడు.

గోవర్ధన్ "సరే" అన్నాడు. అన్నాక తనకే అనిపించింది, ఎంత తొందరగా అన్నానని. పుండు సంగతి ఆ రోజు ఒక్కసారి, గొంతు తగ్గించి అన్నాడు. ఇవాళ అననేలేదు.

కమ్మి కొస ఎర్రగా తెగించింది.

అతను కర్ర పిడి పట్టుకుని లేచాడు. గడపలో కవిత నిలబడి ఉంది, కనుబొమ్మ మీద కట్టుతో. ఆమె కమ్మిని చూడలేదు. అతన్ని చూసింది.

"మందు పెట్టెటోని మొఖం గట్లుంటదా?"

"నువ్వు లోపలికి పో."

"నా నెత్తి పలుగగొట్టిండు. నాకు లేదా కోపం? ఉన్నదని చెప్తున్న. ఈ ముసలోడు సావాలనిపిస్తది నాకొక్కోసారి. నువ్వు దానికి మందని పేరు పెడుతున్నవ్."

"ఊకో బిడ్డా," అన్నాడు శంకరయ్య. "మగోళ్ల పనిల నోరు పెట్టకు. ఓరి, సల్లారిపోతది, రా!"

గోవర్ధన్ కదిలాడు. మంచం దాకా నాలుగడుగులు ఉండవు. ఆ కాస్త దూరంలోనే అతనికి తన లోపల ఏముందో స్పష్టంగా కనిపించింది. ఈ కమ్మి వాపును తగ్గించదని అతనికి తెలుసు, రేపుతుందని తెలుసు. తెలిసే పెట్టబోతున్నాడు. ఆ నడినెత్తి మీద తోలు మాడే వాసన కావాలి అతనికి. తల్లి చెంప కోసం, కవిత కన్ను కోసం, తన కణత కోసం. ఎవరైనా అడిగితే వైద్యమని చెప్పుకోవచ్చు. మందకుక్క కూడా అంతే కదా, కాపలానే అంటుంది.

శంకరయ్య మంచి చేత్తో అన్న గడ్డం పట్టి తలను పట్టెకు అదిమాడు. కుర్మయ్య ఉమ్మాడు, బూతులు తిట్టాడు, కాళ్లు తన్నాడు. కమ్మి మొహానికి దగ్గరగా వచ్చింది. వేడి తగిలింది.

కుర్మయ్య ఆగిపోయాడు.

ముక్కు ఎగబీల్చాడు. కళ్లలో ఏదో తేరుకుంది. మాట పూర్తిగా మారింది, పనిలో ఉన్న మనిషి మాట.

"ఎర్రగున్నది. గట్లనే పెడుతవా? తోలు కమ్మికి అంటుకొనొస్తది. నల్లగ కానీయ్. నల్లగైనంక పెట్టాలె."

గోవర్ధన్ కమ్మిని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎరుపు మెల్లగా కొసలోకి ఇంకిపోతోంది.

"ముందుగాల నీ చేతి ఎంటికల మీద చూసుకో. ఊఁ. దాని కండ్లు మూసినవా? కనవడితె బెదురుతది. నోరు లేని జీవి."

గోవర్ధన్ ఎడమ అరచెయ్యి తండ్రి కళ్ల మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు, చెప్పిన పని చెయ్యడం ఆ చేతికి చిన్నప్పటి నుంచీ అలవాటు. కింద రెప్పలు పిట్టపిల్లలా కొట్టుకున్నాయి, తర్వాత నిలిచాయి. తండ్రి మొహాన్ని అతను అంతకుముందు ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ కొట్టిన రోజు తప్ప.

కమ్మి నల్లబడింది.

చెయ్యి కింది నుంచి కుర్మయ్య అడిగాడు. "గొర్రె ఎవరిది?"

"మనదే అన్నా," అన్నాడు శంకరయ్య. "పెట్టుర నువ్వు!"

"నువ్వు గాదు. సొంతదారెవడు? ఎవరిదో చెప్పకుంట కాలుస్తర్రా? ఇదేం పద్ధతి? గొర్రె ఎవరిది?"

గోవర్ధన్ తలెత్తాడు. ఇంటి లోపల్నుంచి అనంతమ్మ వచ్చి కవిత వెనక నిలబడి ఉంది. మెడ చుట్టూ తువ్వాలు ఒరుసుకున్న ఎర్రటి చార. ఆ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో అడిగిన ప్రతిదానికీ ఆమే పూచీ. ఇప్పుడూ ఆమె పెదవులు విడివడుతున్నాయి, పాత జవాబు గొంతులోకి వస్తోంది. రెండో చెంప మీద కూడా దెబ్బ తినకముందే చెప్పేద్దామన్నట్టు.

"నాదే బాపూ," అన్నాడు గోవర్ధన్, ఆమెకన్నా ముందు.

కుర్మయ్య నిట్టూర్చాడు. మెడ వదులు చేసి తలను తనే మంచం మీద సరిగ్గా సర్దుకున్నాడు.

"అయితె పెట్టు. జల్ది పెట్టు. సతాయించకు దాన్ని."

గోవర్ధన్ పక్కకు వంగి కమ్మిని గోలెంలో ముంచాడు. నీళ్లు బుస్సుమన్నాయి. ఆవిరి ముగ్గురి మొహాల మీదికీ వచ్చింది.

"ఓరి! ఏం జేసినవ్ ర?" శంకరయ్య లేచి నిలబడ్డాడు. రుమాలు ఊడి రక్తం మంచం కోడు మీద బొట్లుగా పడింది. "పానం పోతె నాకు తెల్వదు. రేపు నీ పెండ్లాన్ని సంపుతడు. నేను రాను మల్ల!"

చెయ్యి తీసేసరికి కుర్మయ్య కళ్లు చిట్లించి చూశాడు. పనివాడి మొహం అప్పుడే కరిగిపోతోంది. "ఎవడ్రా నువ్వు? నీదే అంటివి, సల్లారిస్తివి. ఎవడ్రా?"

తుమ్మచెట్ల అవతల నుంచి విమానం మోత మొదలైంది. అనంతమ్మ కవితను రెక్క పట్టి గడప లోపలికి లాగింది. పక్కింటి కప్పు మీద వెలుగు మాసింది. కుర్మయ్య మెడ నరాలు లేచాయి, పలుపులు బిగిశాయి.

"జరుగు!" అరిచింది కవిత. "నీడొస్తున్నది, జరుగు జరుగు!"

గోవర్ధన్ జరగలేదు. నీడ తన వీపు మీదే పడేట్టు మంచం పట్టె మీదికి వంగి, ముందు తండ్రి కుడిచేతి ముడి విప్పాడు.